బిడ్డ మొర వినబడు నిల్లు

దిక్కులేని బిడ్డలకొరకు గృహమొకటి నడుపవలెనన్నచో మొట్టమొదట కావలసినదేమని యడిగినయెడల, దయ యని కొందరు, ధనమని కొందరు, క్రమశిక్షణమని కొందరు చెప్పుదురు. ఈ మూడును కావలసినవే. కాని దయగలవారు స్థాపించి, దాతలు పోషించి, వేళ తప్పక నడచిన గృహములలోనే బిడ్డలు దెబ్బలు తిని, అవమానములు పొంది, నోరు మెదపలేక పెరిగిన వృత్తాంతములు లోకమున పెక్కు కలవు. కావున నాలుగవది యొకటి కావలయును. ఆ గృహములోని మిక్కిలి చిన్నబిడ్డకు కీడు జరిగినప్పుడు, ఆ కీడు చేసినవాడు గృహాధికారియే యైనను, భయములేక చెప్పుకొనుటకొక చోటుండవలయును. ఈ సంగతిని మాటలలోగాక చేతలలో చూపిన గృహమొకటి పోలండు దేశపు రాజధానియైన వార్సా నగరమున 1912 మొదలు 1942 వరకు ముప్పది సంవత్సరములు నడచెను. దాని చరిత్రమును మన విద్యార్థులకును, వసతిగృహమునందలి పెద్దపిల్లలకును, మాతోడి యుపాధ్యాయులకును పాఠముగా నందింపగోరి యీ వ్యాసము వ్రాయుచున్నాము.

గృహమును నడిపిన యిరువురు

ఈ గృహమునకు పెద్దయైన వైద్యుని పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిత్. గ్రంథములు వ్రాయుటకు ఆయన పెట్టుకొనిన పేరు యానుష్ కోర్చాక్. లోకమాయనను ఈ రెండవ పేరుతోనే యెరుగును. ఆయన వార్సాలో నొక యూదు కుటుంబమున జన్మించెను. తండ్రి న్యాయవాదియైనను కుమారుని జననమును సకాలమున నమోదు చేయింపలేదు. అందుచేత ఆయన పుట్టిన సంవత్సరమును కొందరు 1878 అనియు, కొందరు 1879 అనియు వ్రాయుదురు. తండ్రికి మతిభ్రమణము కలిగి, కుటుంబము కష్టములపాలై, 1896లో ఆయన మరణించెను. అప్పటికింకను విద్యార్థియైన కోర్చాక్ పరుల బిడ్డలకు ఇంటివద్ద పాఠములు చెప్పి కుటుంబమునకు తోడ్పడెను. 1905లో వైద్యపట్టము పొంది, వార్సాలోని యూదుల శిశువైద్యశాలలో కొన్ని సంవత్సరములు పనిచేసెను. ధనికులు ఆయన హస్తవాసిని మెచ్చుకొనిరి. ఆయన గ్రంథములను ప్రజలు చదువుచుండిరి. సుఖముగా జీవించుటకు వలసినదంతయు ఆయనకుండెను.

అయినను వైద్యశాలలో జబ్బు కుదిరిన బీదబిడ్డ తిరిగి అదే చీకటిగదికి, అదే యాకలికి, అవే దెబ్బలకు పోవుటను ఆయన చూచుచుండెను. అట్టి బిడ్డకు మందుకంటె ఇల్లు ముఖ్యమని తోచి, వార్సాలోని యూదుల అనాథసహాయసంఘమువారు క్రోహ్మాల్నా వీధిలో 92వ నెంబరు స్థలమున కట్టించిన నూతనగృహమునకు 1912లో అధికారిగా వచ్చెను. ఆ గృహమునకు వారి భాషలో ‘దోమ్ సియెరోత్’ అని పేరు. అనాథల ఇల్లని దానికర్థము.

ఇచట రెండవ వ్యక్తిని మరువరాదు. ఆమె స్తెఫానియా విల్చిన్‌స్కా. 1886లో జన్మించి, బెల్జియము దేశమున ప్రకృతిశాస్త్రము చదివి, స్వదేశమునకు వచ్చి అనాథబిడ్డల సేవలో ప్రవేశించెను. గ్రంథములు వ్రాసినది కోర్చాక్. తెల్లవారి బిడ్డలను లేపుట, బట్టలు లెక్కించుట, వంటయింటిని చూచుట, రాత్రి జ్వరము వచ్చిన బిడ్డయొద్ద కూర్చుండుట మొదలగు పనులెల్ల ఆమె చేతిమీదుగా జరిగెను. 1914లో మొదటి ప్రపంచయుద్ధము రాగా కోర్చాక్ సైన్యవైద్యుడుగా పోవలసివచ్చెను. ఆ సంవత్సరములలో గృహభారమంతయు ఆమెయే మోసెను. ధర్మసంస్థల చరిత్రలలో నొకరి పేరు పెద్దగా వ్రాయబడి, నిత్యము పాటుపడినవారి పేరు చిన్నగా వ్రాయబడుట సామాన్యము. చదువువారు దీనిని గమనింపవలయును.

ఇంటి యేర్పాటులు

ఆ గృహమున సుమారు నూరుమంది బిడ్డలుండిరి. సాధారణముగా ఏడు సంవత్సరముల వయస్సున వచ్చి పదునాలుగవ యేట వెడలుచుండిరి. అందరును తలిదండ్రులిరువురిని పోగొట్టుకొనినవారు కారు. తండ్రి చనిపోగా తల్లి పోషింపలేక తెచ్చి విడిచిన బిడ్డలును ఉండిరి. అట్టివారికి శనివారమున బంధువుల యిండ్లకు పోయివచ్చుటకు సెలవు కలదు. బిడ్డను చేర్చుకొనుట యనగా బిడ్డను తనవారినుండి తెంచివేయుట కాదని ఆ గృహమువారి భావము.

మొదటి సంవత్సరము మిక్కిలి కష్టముగా గడచెను. అంతకుముందు శిథిలమైన పాతభవనమున నుండిన బిడ్డలకు కొత్తగృహమున స్నానపుగదులు, వేడినీళ్లు, వెలుతురు, శుభ్రమైన పడకలు దొరకెను. అయినను వారు సంతోషింపక కొత్త నియమములకెల్ల ఎదురు తిరిగిరి. మంచియిల్లు చూపినంతనే బిడ్డలు కృతజ్ఞులై లోబడుదురనుకొనుట పెద్దల పొరపాటని కోర్చాక్ అప్పుడు గ్రహించెను. ఆజ్ఞలవలన సాధింపలేనిదానిని బిడ్డల సమ్మతితో సాధింపవలెనని నిశ్చయించుకొని, విల్చిన్‌స్కాతో కలిసి క్రమక్రమముగా కొన్ని యేర్పాటులు చేసెను. వానిలో ముఖ్యమైనవానిని వివరింతుము.

మొదటిది పని. ఊడ్చుట, బల్లలు తుడుచుట, వడ్డించుట, చిన్నవారికి చదువులో సాయపడుట మొదలగు పనులను బిడ్డలే పంచుకొనిరి. సామాన్యముగా చీపురులను ఎవరికిని కనబడని మూల దాచుదురు. ఆ గృహమున వానిని పడకగది ద్వారమునొద్ద అందరికి కనబడునట్లు ఉంచిరి. పని నీచము కాదని ఉపన్యసించుటకంటె చీపురునకు గౌరవమైన చోటిచ్చుట మేలుగదా.

రెండవది ప్రకటనల పలక. ఆనాటి కార్యక్రమము, పనుల పట్టిక, ఫిర్యాదులు, కృతజ్ఞతలు, క్షమాపణలు అన్నియు దానిపై వ్రాసి అంటించుచుండిరి. పెద్దలు తమ యిష్టమువచ్చినట్లు నోటిమాటతో నియమములు మార్చుటకు వీలులేకపోయెను.

మూడవది ఉత్తరముల పెట్టె. నూరుమంది బిడ్డలు ఒక్కసారిగా చుట్టుముట్టి అడుగునప్పుడు గట్టిగా కేకవేయువాని మాటయే పెద్దల చెవిని బడును. సిగ్గరియైన బిడ్డ వెనుకనే నిలిచిపోవును. కాగితముపై వ్రాసి పెట్టెలో వేసినయెడల సిగ్గరి మాటయు కేకలు వేయువాని మాటయు సమానమగును. వ్రాయుటకు ముందు బిడ్డ ఆలోచించును. జవాబిచ్చుటకు ముందు పెద్దవాడును ఆలోచించును.

నాలుగవది బిడ్డల సొత్తు. ప్రతి బిడ్డకును చిన్న సొరుగొకటి యుండెను. దారిలో దొరకిన గుండీ, రంగుదారము, గాజుముక్క, తల్లి యిచ్చిన చిత్రపటము మొదలగునవి పెద్దలకు చెత్తగా తోచును. అన్నియు పోగొట్టుకొని వచ్చిన బిడ్డకు అవియే ఆస్తి. పోయిన వస్తువులు దొరకినచో ఉంచుటకు అద్దపుబీరువా యొకటి పెట్టిరి. ఎంత చిన్నవస్తువునకైనను యజమాని యొకడుండుననుట ఆ బీరువా నేర్పిన పాఠము.

ఐదవది కొత్తబిడ్డకు సంరక్షణ. గృహమునకు కొత్తగా వచ్చిన బిడ్డను మొదటి మూడునెలలు పెద్దబిడ్డ యొకరికి అప్పగించుచుండిరి. నియమములు చెప్పుట, తోడుగా తిరుగుట, ఎవరైన ఏడిపించినచో అడ్డుపడుట ఆ సంరక్షకుని విధి. ఒకప్పుడు తానే అల్లరిచేసి అందరిని బాధించిన బిడ్డకు సంరక్షణ యప్పగింపగా, వాడు తనకంటె చిన్నవానిని సరిదిద్దబోయి తాను సరియగుటయు కలదు.

ఆరవది పందెము. దెబ్బలు తిని పెరిగిన బిడ్డ తానును కొట్టుట నేర్చుకొనును. భయపడిన బిడ్డ అబద్ధమాడుట నేర్చుకొనును. ఇవి ఒక్కదినమున పోవు. అందుచేత బిడ్డ కోర్చాకునొద్దకు వచ్చి, ఈ వారమున ఇన్నిమారులకంటె ఎక్కువ పోట్లాడనని పందెము వేయవచ్చును. వారము తుదిని వాడు చెప్పిన లెక్కనే నమ్మి, గెలిచినచో మిఠాయి యిచ్చుచుండెను. ఓడినవానిని తిట్టుట లేదు. మరువారము తక్కువ కష్టమైన పందెము వేయుమని చెప్పుచుండెను. పరుల దౌష్ట్యమువలన చెడిన స్వభావము మెల్లగా మాత్రమే బాగగునని తెలిసిన వైద్యుడు చేసిన చికిత్స యిది.

బిడ్డల న్యాయస్థానము

ఈ యేర్పాటులన్నింటికి కిరీటమువంటిది బిడ్డల న్యాయస్థానము. ఎవరు ఎవరిమీదనైనను ఫిర్యాదు వ్రాసి పలకపై పెట్టవచ్చును. వారమునకొకసారి న్యాయస్థానము కూడును. న్యాయాధిపతులు ఐదుగురును బిడ్డలే. ఆ వారమున తమమీద వ్యాజ్యెము లేనివారిలోనుండి చీట్లు వేసి వారిని ఎన్నుకొందురు. పెద్దలలో నొకరు లేఖకులుగా కూర్చుండి సాక్ష్యములు వ్రాసికొందురు. తీర్పు చెప్పుటలో వారికి ఓటు లేదు.

కోర్చాక్ ఈ న్యాయస్థానమునకొక శిక్షాస్మృతిని వ్రాసెను. దాని స్వభావము విచిత్రమైనది. మొదటి తొంబదితొమ్మిది విధులలో శిక్ష యనునది లేదు. ఫిర్యాదు విడిచిపెట్టబడినదనియో, నిందితుడు తెలియక చేసెననియో, చేసినదానికి విచారించుచున్నాడనియో, క్షమింపదగుననియో అవి చెప్పును. నూరవ విధినుండి మాత్రమే దోషము స్థాపింపబడును. అటుతరువాత రెండువందలు, మూడువందలు అని వేయివరకు విధులు క్రమముగా గట్టిపడును. తప్పు చేసెనని చెప్పుట, మరల చేయవద్దని కోరుట, తీర్పును అందరికి ప్రకటించుట, ఇంటివారికి తెలుపుట అను మెట్లమీదుగా నడచి, వేయవ విధివద్ద మాత్రమే గృహమునుండి పంపివేయుట కలదు. దెబ్బ యనునది ఆ స్మృతిలో ఎక్కడను లేదు.

ఈ న్యాయస్థానము మొదటినుండియు చక్కగా నడచెనని తలంపరాదు. కొందరు బిడ్డలు దానిని ఎగతాళి చేసిరి. కొందరు చిన్నచిన్న కక్షలు తీర్చుకొనుటకు వాడుకొనిరి. ఒకప్పుడు కోర్చాక్ దానిని కొంతకాలము ఆపివేసెను. నిలిపివేసిన తరువాత బలవంతులకు మరల స్వేచ్ఛ దొరకెను. బలహీనులు మరల బాధపడిరి. అప్పుడు సవరణలు చేసి దానిని తిరిగి స్థాపించిరి. తీర్పు నచ్చనివారు కొంతకాలమునకు మరల విచారణ కోరవచ్చుననియు, బిడ్డలు పెద్దలమీదను ఫిర్యాదు చేయవచ్చుననియు స్పష్టముగా నిర్ణయించిరి.

ఈ చివరి నియమమే ఈ వ్యాసమునకు ప్రాణము. కోర్చాక్ ఆరుమాసముల కాలములో ఐదుమారులు తన్ను తానే న్యాయస్థానమునకు అప్పగించుకొనెను. ఒక బాలుని కొట్టినందుకు, మరియొకనిని పడకగదినుండి గెంటివేసినందుకు, ఇంకొకనిని మూల నిలువబెట్టినందుకు, ఒక న్యాయాధిపతిని అవమానించినందుకు, ఒక బాలిక దొంగిలించెనని యనుమానించినందుకు ఆయన బిడ్డలముందు జవాబు చెప్పుకొనెను. ఇది వినయప్రదర్శనము కాదు. గృహమునందు అందరికంటె బలవంతుడు అధికారియే. అధికారిమీద ఫిర్యాదు చేయుటకు వీలులేని న్యాయస్థానము చిన్నదొంగలను పట్టి పెద్దదొంగను విడిచిపెట్టునదే యగును. పెద్దవాడు మొదట నిలిచి చూపినప్పుడే బిడ్డలకు నమ్మకము కలుగును.

ఆ బాలిక సంగతి చదివినప్పుడు మాకు మా తప్పు జ్ఞాపకమునకు వచ్చెను. పదునైదు సంవత్సరముల క్రిందట మా తరగతిలో నొక విద్యార్థి కలము పోయెను. ఆ దినమున తరగతిలో బీదవాడెవడో వానినే మేము అనుమానించి, అందరియెదుట వాని సంచి దులిపించితిమి. సంచిలో పుస్తకములును, మధ్యాహ్నమునకు తెచ్చుకొనిన చద్దియు తప్ప మరేమియు లేవు. మరునాడు ఆ కలము పోగొట్టుకొనినవాని యింటనే దొరకెను. మేము ఆ బాలునితో ఒక్కమాటయైన అనలేదు. ఉపాధ్యాయుడు శిష్యుని క్షమాపణ కోరుట మర్యాద కాదని తలంచితిమి. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో తరగతిని అదుపులో పెట్టు విధములనెన్నింటినో నేర్చుకొంటిమి. తరగతిచేత తప్పు దిద్దించుకొను విధము మాత్రము నేర్చుకొనలేదు. ఆ బాలుడు ఆ వేసవితో బడి మానివేసెను. ఆ దులిపిన సంచియే దానికి కారణమని మేము చెప్పజాలము. కాదనియు చెప్పజాలము.

పత్రిక, గ్రంథములు

గృహమున వారపత్రిక యొకటి నడచెను. శనివారమున దానిని అందరియెదుట చదువుచుండిరి. ఈ యలవాటు పెద్దదై, 1926లో కోర్చాక్ పోలండుభాషలో వెలువడు నొక యూదు దినపత్రికకు అనుబంధముగా బిడ్డల పత్రికను స్థాపించెను. దాని పేరు ‘మావీ ప్‌షెగ్లోంద్’. ప్రతి శుక్రవారమును వెలువడు నా పత్రికకు దేశములోని బిడ్డలే విలేఖరులు. తమ బడులను గూర్చియు, ఇండ్లను గూర్చియు, తమకు జరిగిన అన్యాయములను గూర్చియు వారు వ్రాసి పంపిరి. 1939లో యుద్ధము వచ్చువరకు అది నడచెను.

1919లో మరియా ఫాల్‌స్కా అను నామెతో కలిసి పోలండు కార్మికుల అనాథబిడ్డలకొరకు ‘మన ఇల్లు’ అను మరియొక గృహమునకును ఆయన తోడ్పడెను. ఆయన వ్రాసిన గ్రంథములలో బిడ్డను ప్రేమించు విధమును గూర్చినదియు, 1929లో వెలువడిన బిడ్డయొక్క గౌరవార్హతను గూర్చినదియు ప్రసిద్ధములు. 1924లో నానాజాతిసమితి జెనీవా నగరమున బిడ్డల హక్కులను గూర్చి యొక ప్రకటనమును అంగీకరించెను. అది బిడ్డలయెడల దయ చూపుడని పెద్దలను బతిమాలుచున్నదేగాని హక్కును హక్కుగా అడుగుటలేదని కోర్చాక్ విమర్శించెను. దయ దాత యిష్టముపై నాధారపడును. నేడు కలిగి రేపు తొలగవచ్చును. హక్కు అట్టిది కాదు. ఆయన గృహనిర్వహణమంతయు ఈ భేదముమీదనే నిలిచియున్నది.

అంత్యదినములు

1939 సెప్టెంబరులో జర్మను సైన్యములు పోలండుపై బడెను. 1940 నవంబరులో వార్సాలోని యూదులనందరిని గోడలు కట్టిన పేటలో బంధించినప్పుడు ఈ గృహమును కూడ క్రోహ్మాల్నా వీధినుండి వెడలగొట్టిరి. ఆ మార్పిడి సమయమున బిడ్డల బంగాళాదుంపల బండిని పట్టుకొనిరని తెలిసి, కోర్చాక్ పోయి అధికారులను నిలదీసెను. దానికి ఫలముగా సుమారు నెలదినములు చెరసాలలో నుండవలసివచ్చెను. అటుపిమ్మట రుగ్ణుడైయుండియు ప్రతిదినము సంచి పట్టుకొని ఇంటింటికి తిరిగి బిడ్డలకు తిండి యడిగి తెచ్చుచుండెను. బిడ్డల సంఖ్య సుమారు రెండువందలకు పెరిగెను. ఆకలియు రోగములును వీధులనిండ నున్నను, గృహములోపల పాఠములును పనుల పంపకమును మానలేదు.

1942 జూలై 18వ తేదీన ఆ బిడ్డలొక నాటకమాడిరి. అది మన దేశపు నాటకమే. రవీంద్రనాథ ఠాకూరు వంగభాషలో వ్రాసి 1912లో ప్రకటించిన ‘డాక్‌ఘర్’. వైద్యుని యాజ్ఞచే గదిలో బంధింపబడిన అమల్ అను రోగబాలుడు, కిటికీయొద్ద కూర్చుండి దారినబోవువారితో మాటలాడుచు, రాజుగారి యుత్తరముకొరకు ఎదురుచూచుట దానిలోని కథ. గోడలమధ్య చిక్కిన బిడ్డలకు ఆ కథను విప్పి చెప్పనక్కరలేకపోయెను.

నాలుగుదినములకు, అనగా జూలై 22వ తేదీని, ఆ పేటనుండి యూదులను త్రెబ్లింకా యను మరణశిబిరమునకు తరలించుట మొదలాయెను. ఆగస్టు మొదటివారమున ఈ గృహమువంతు వచ్చెను. కోర్చాకును దాచి తప్పించెదమని స్నేహితులు పలుమారులు చెప్పిరి. ఆయన అంగీకరింపలేదు. విల్చిన్‌స్కాయు, తక్కిన సహాయకులును బిడ్డలను విడువలేదు. వారందరు బిడ్డలను వరుసగా నడిపించుకొని వీధులవెంట రైలునొద్దకు పోయిరి. వారిలో నెవరును తిరిగి రాలేదు. ఆయన చివరిమాసములలో వ్రాసికొనిన దినచర్య మాత్రము మిగిలి, 1958లో అచ్చుపడెను.

కోర్చాకును గూర్చి చెప్పువారు సాధారణముగా ఈ మరణమునే చెప్పి ఆపుదురు. మేమట్లు చేయగోరము. ఒక్కదినమున బిడ్డలతో చచ్చుట గొప్పయే. దానికిముందు ముప్పది సంవత్సరములు, విసుగు పుట్టించు ప్రతిదినమున, బిడ్డల ఫిర్యాదులు చదివి వారితో న్యాయముగా బ్రదుకుటయు గొప్పయే. మనలో ననేకులకు మొదటిది తటస్థింపదు. రెండవది ప్రతియుదయము మన గుమ్మమునొద్ద నిలుచును.

నేటివారికి పాఠము

1978లో పోలండు ప్రభుత్వము బిడ్డల హక్కులకొరకు అంతర్జాతీయమైన ఒడంబడిక కావలెనని ప్రతిపాదించెను. ఐక్యరాజ్యసమితి దానిని 1989 నవంబరు 20వ తేదీన ఆమోదించెను. దానిలో 12వ అధికరణము, తనకు సంబంధించిన విషయములలో తన యభిప్రాయము చెప్పుటకును, ఆ యభిప్రాయమునకు వయస్సునుబట్టి విలువ పొందుటకును బిడ్డకు హక్కు కలదని చెప్పుచున్నది. మన దేశము 1992లో దానిలో చేరెను. 2015 నాటి మన బాలన్యాయచట్టము, ఆరేండ్లు దాటిన బిడ్డలుండు ప్రతి గృహమునందును బిడ్డల కమిటీలు ఏర్పరచవలెననియు, అట్టి గృహములలో బిడ్డలను కొట్టి దండించుట శిక్షార్హమనియు నిర్ణయించినది. బిడ్డలపై జరుగు లైంగిక నేరములను తెలిసియు దాచుట తప్పని 2012 నాటి చట్టము చెప్పుచున్నది. ఆపదలోనున్న బిడ్డ 1098 నెంబరునకు టెలిఫోను చేయవచ్చును. క్రోహ్మాల్నా వీధిలో నొక పలకపై మొదలైన ఆలోచన యిప్పుడు చట్టములలోనికి వచ్చినది.

అయినను చట్టము వ్రాసినంతమాత్రాన చాలదు. ఐర్లండు దేశమున 2009లో వెలువడిన విచారణసంఘ నివేదికను చదివినవారి హృదయము బరువెక్కును. క్రైస్తవ సన్యాసులు, సన్యాసినులు నడిపిన పారిశ్రామిక పాఠశాలలలో బిడ్డలు బహుసంవత్సరములు క్రూరముగా కొట్టబడిరనియు, బాలుర సంస్థలలో లైంగిక హింస మిక్కిలి వ్యాపించియుండెననియు ఆ సంఘము నిర్ధారించినది. అవి దయపేరిట, దేవునిపేరిట స్థాపింపబడిన గృహములు. క్రైస్తవులమైన మేము దీనిని మరుగుపరచుట తగదు. అచటి బిడ్డలు మొరపెట్టలేదా? పెట్టిరి. వినుటకు ఏర్పడిన చెవి మాత్రము లేకపోయెను. మంచివారు నడుపుచున్నారను నమ్మకమే ఆ బిడ్డల నోరు నొక్కెను.

ఒకదేశమువారు మరియొకదేశమున గృహము నడుపునప్పుడు ఈ యపాయము ఇంకను పెరుగును. ధనమిచ్చువారు సముద్రములకావల నుందురు. వారికి ఛాయాచిత్రములు చేరును. అతిథులు వచ్చినప్పుడు బిడ్డలు శుభ్రమైన బట్టలు తొడిగి పాటలు పాడుదురు. రాత్రి పడకగదిలో జరిగినదానిని చెప్పుటకు బిడ్డకు దాత భాష రాదు. దాతకు బిడ్డ భాష రాదు. కావున అట్టి గృహమునకు సాయము చేయగోరువారు అచట ఎందరు బిడ్డలున్నారని మాత్రమే అడుగరాదు. బిడ్డ తన సొంతభాషలో, గృహపువారి చేతిక్రిందలేని వ్యక్తితో మాటలాడు మార్గమున్నదా యని అడుగవలెను. బిడ్డలలో ఎందరికి తల్లియో తండ్రియో బ్రతికియున్నారనియు అడుగవలెను. అనాథలని పేరుపొందిన బిడ్డలలో అనేకులు బీదరికముచేత ఇల్లు విడిచినవారే. వారి కుటుంబమునకే సాయముచేసి బిడ్డను తల్లియొద్ద నుంచుట మొదటి మార్గమనియు, గృహమునకు పంపుట ఆవశ్యకమైనప్పుడే తగుననియు ఐక్యరాజ్యసమితి 2009లో మార్గదర్శకములను అంగీకరించినది. శనివారమున బిడ్డలను బంధువులయొద్దకు పంపిన ఆ గృహమువారు ఈ దారిలో ముందే కొంత నడచిరి.

కడమాట

ఈ సంవత్సరము జూను నెలలో మేము మా తరగతిగది గోడకు అట్టపెట్టె యొకటి తగిలించి, ఎవరేమి వ్రాసివేసినను చదివెదమనియు, ఎవరు వ్రాసిరని అడుగమనియు చెప్పితిమి. మొదటి రెండువారములు పెట్టెలో బొమ్మలును, హాస్యపుమాటలును, ఒక గోలీయు దొరకెను. మానివేయుదమా యనుకొంటిమి. మూడవవారమున వసతిగృహములో చిన్నవారికి చివర వడ్డించుచున్నందున కూర మిగులుటలేదని యొక చీటి వచ్చెను. విచారింపగా నిజమే. వడ్డనవరుస మార్చితిమి. నాలుగవవారమున వచ్చిన చీటిలో రెండు పంక్తులు మాత్రమే యుండెను. “మాస్టారూ, నన్ను పొట్టోడా అని పిలవకండి. అందరూ అలాగే పిలుస్తున్నారు.”

ఆ బాలుని మేము ముద్దుగానే అట్లు పిలుచుచుంటిమి. ఆ పిలుపు వానిని సంవత్సరముపొడుగున బాధించుచున్నదని మాకు తెలియదు. మరునాడు తరగతిలో, ఎవరిపేరును చెప్పక, మేము కొందరిని మారుపేరులతో పిలుచుట తప్పనియు, అందుకు విచారించుచున్నామనియు, ఇకమీదట ప్రతివానిని వాని పేరుతోనే పిలిచెదమనియు చెప్పితిమి. పదునైదు సంవత్సరముల క్రిందట సంచి దులిపించుకొనిన బాలునికి చెప్పవలసిన మాట అది. వానికి చెప్పలేకపోతిమి.

విద్యార్థులారా, మీలో కొందరు రేపు ఉపాధ్యాయులగుదురు. కొందరు దాదులు, వైద్యులు, వసతిగృహాధికారులు అగుదురు. అనాథగృహములు నడుపువారును ఉండవచ్చును. గోడలు కట్టించుటకు ధనము దొరకును. అన్నము వండుటకు మనుష్యులు దొరకుదురు. ఆ గోడలలోపల చిన్నబిడ్డ మీమీదనే ఫిర్యాదు వ్రాసి, మీకే యిచ్చి, ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోగలిగినయెడల, మీ గృహము బాగుగా నడచుచున్నదని తెలిసికొనుడు.

ఆలోచింపదగిన ప్రశ్నలు

1. కోర్చాక్ వ్రాసిన శిక్షాస్మృతిలో క్షమించు విధులు అన్ని యుండుటకు కారణమేమి?

2. న్యాయస్థానమును ఆపివేసినప్పుడు ఎవరికి లాభము, ఎవరికి నష్టము కలిగెను?

3. దయకును హక్కునకును గల భేదమును మీ వసతిగృహమునుండియో ఇంటినుండియో ఒక యుదాహరణముతో వివరింపుడు.

4. మీ తరగతిలో అందరికంటె తక్కువగా మాటలాడువారెవరు? వారి మాట వినుటకు మీరేమి చేయగలరు?